1680లో ఫ్లామ్‌స్టీడ్ చూసింది కాసియోపియా ఏ పేలుడునేనా?

తీతువు:
ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్ ఫ్లామ్‌స్టీడ్ 1680 ఆగస్టు 16న శర్మిష్ఠ రాశిలో కంటికి ఆనీ ఆనని చుక్క ఒకటి నమోదు చేశాడు. ఇప్పుడక్కడ అలాంటిదేమీ లేదు. ఆ దగ్గర్లో ఉన్నది కాసియోపియా ఏ, సూపర్‌నోవా (నక్షత్రం పేలుడు) శిథిలం. ఆయన చూసింది దాని పేలుడే అంటాను. కాదనేవాళ్లు రండి.

మినుకు:
నేను కాదంటాను. రెండు చోట్లకీ దాదాపు పది ఆర్క్‌నిమిషాల తేడా ఉంది, చంద్రబింబం వెడల్పులో మూడో వంతు. ఫ్లామ్‌స్టీడ్ అంత మొరటుగా కొలిచే మనిషి కాదు. రెండు వేరే చుక్కల కొలతలు కలగలిసి లేని చుక్క పుట్టిందన్న వాదనే నాకు సబబు. పైగా సూపర్‌నోవా ఒక్క రాత్రి వచ్చిపోయే చుట్టం కాదు, నెలల తరబడి ఉంటుంది. ఇంకెవరూ రాయలేదేం?

శకలం:
ఫ్లామ్‌స్టీడ్ పాత నక్షత్రాల కేటలాగు పక్కనపెట్టి శిథిలాన్నే అడగండి. దాని బయటి అంచున వాయు ముద్దలు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో పోతున్నాయి. వేర్వేరు తేదీల్లో తీసిన ఫొటోలు ఒకదాని మీద ఒకటి పెడితే ఏ ముద్ద ఎంత జరిగిందో తెలుస్తుంది. ఆ నడకను వెనక్కి తిప్పితే అన్నీ ఒకచోటికి చేరతాయి. వేగం అసలు తగ్గలేదనుకుని 2001లో వేసిన లెక్కకు 1671 వచ్చింది. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు 2004లో తీసిన ఫొటోలతో 1681, అటూ ఇటూ 19 ఏళ్లు.

తీతువు:
చూశారా, 1680 అందులోనే ఉంది!

శకలం:
అంత వెడల్పు వల వేస్తే ఏ చేపైనా పడుతుంది. మీకు నిజంగా పనికొచ్చేది 1671 లెక్క. దారిలో వాయువు అడ్డుపడి ముద్దలు నెమ్మదించి ఉంటే, మొదట్లో ఇంకా జోరుగా పోయి ఉండాలి. అప్పుడు పేలుడు 1671 కన్నా ఇటుపక్కకే, అంటే 1680 వైపుకే జరుగుతుంది. ఎంత నెమ్మదించాయన్నది మాత్రం ముద్దముద్దకీ వేరు.

కొత్తకన్ను:
అది 11,000 కాంతి సంవత్సరాల దూరం కదండీ, 1680లో పేలడమేంటి?

మినుకు:
వెలుగు మనకు చేరిన ఏడాది అది. అందరం అలాగే అంటుంటాం.

తీతువు:
ఇంకెవరూ చూడలేదన్నారు. మధ్యలో ధూళి దట్టం, వెలుగు చాలావరకు అదే మింగేసింది. మరోపక్క ధూళే సాక్ష్యమూ ఇచ్చింది. దూరపు మబ్బులకు తగిలి ఆలస్యంగా వచ్చిన ఆనాటి వెలుగును 2008లో విశ్లేషించారు. పేలింది హైడ్రోజన్ పొర చాలామటుకు పోగొట్టుకున్న నక్షత్రమని, అంటే టైప్ 2బి రకం సూపర్‌నోవా అని తేలింది.

మినుకు:
ధూళి సంగతి ఒప్పుకుంటాను. కానీ ధూళి చుక్కను మసకబారుస్తుంది గానీ పక్కకి జరపదు కదా.

తీతువు:
దానికి నా దగ్గర జవాబు లేదు. ఆగస్టు 16 అనడం మానేస్తా. 1680 దరిదాపులు అనడం మానను.