క్యూఎంపీ షెల్‌తో క్యూఈఎంయూ పరీక్షలు: సాకెట్ దగ్గర చిక్కు

ప్రశ్న: క్యూఈఎంయూ (ఒక కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ను అనుకరించి నడిపే సాఫ్ట్‌వేర్) వర్చువల్ మెషీన్‌ను ఆపి, తిరిగి నడిపించే ఆదేశాలను పరీక్షించడానికి యూనిక్స్ సాకెట్‌పై (ఒకే కంప్యూటర్‌లోని ప్రోగ్రాములు మాట్లాడుకునే మార్గం) క్యూఎంపీని (క్యూఈఎంయూకు ఆదేశాలు పంపే ప్రోటోకాల్) తెరిచాను. నా పైథాన్ స్క్రిప్టు నుంచి, మెషీన్ స్థితిని అడిగే క్వెరీ-స్టేటస్ పంపితే, అలాంటి ఆదేశం లేదన్న లోపం వస్తోంది. ఆదేశాలను చేత్తో టైప్ చేసే క్యూఎంపీ-షెల్‌లో అదే ఆదేశం పనిచేస్తోంది. కారణమేమిటో చెప్పగలరా?

సమాధానం 1: కనెక్షన్ ఏర్పడగానే క్యూఈఎంయూ పలకరింపు సందేశం పంపుతుంది, దానికి బదులుగా మీరు ముందు క్యూఎంపీ-కేపబిలిటీస్ ఆదేశం పంపేంతవరకు మరే ఆదేశాన్నీ అది స్వీకరించదు. షెల్ ఈ పనిని తానే చేస్తుంది కనుక తేడా మీకు కనిపించలేదు. సాకెట్‌కు వెయిట్ ఆప్షన్‌ను ఆఫ్ చేయడం కూడా మరవకండి, లేకుంటే ఎవరో ఒకరు కనెక్ట్ అయ్యేదాకా మెషీన్ మొదలే కాదు.

సమాధానం 2: ఒక సాకెట్ ఒకసారి ఒక్కరితోనే మాట్లాడుతుంది. స్క్రిప్టు నడుస్తుండగా షెల్‌తో గమనించాలంటే రెండో సాకెట్ తెరవండి. నా అనుభవంలో పరీక్షలు ఎక్కువగా తప్పేది మరొక చోట: ఆదేశానికి జవాబు రాకముందే స్టాప్ వంటి ఈవెంట్ (మెషీన్‌లో జరిగిన మార్పును క్యూఈఎంయూ తానుగా తెలిపే సందేశం) రావచ్చు, తర్వాతి వరుసనే జవాబుగా భావించే స్క్రిప్టు అక్కడ పొరబడుతుంది. ప్రతి ఆదేశానికీ ఐడీ జతచేయండి. అది జవాబులో తిరిగి వస్తుంది, ఈవెంట్లలో ఉండదు.

ప్రశ్నించినవారు: కేపబిలిటీస్ పంపాక సరిగా పనిచేసింది. ఐడీలు ఇప్పుడే చేరుస్తున్నాను, ఇద్దరికీ కృతజ్ఞతలు.