కూరలో మాత్ర కలుపుతానంటోంది భార్య, కూర్చుని మాట్లాడమంటోంది ఆఫీసు: ఏది సరి?

ప్రాణహిత ఒడ్డు:
మహారాష్ట్ర సిరొంచ తాలూకాలో ఒక సంస్థలో ఫీల్డ్ వర్కర్‌ని. గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. నేను చూస్తున్న ఒకాయనకు నలభై దాటాయి, సుతారి (తాపీ) పని, రోజూ తాగుతాడు. మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం. అయితే ఏంటి, గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. అటు తెలంగాణ, దుకాణం తెరిచే ఉంటుంది. అంతదూరం పోలేని రోజు ఇప్పసారా ఉండనే ఉంది.

భార్య నా దగ్గరికొచ్చి, "మాన్పించే గోలీ ఉంటదట గదా అక్కా, తెచ్చియ్యి, కూరల కలుపుత" అంది. మా సూపర్‌వైజర్ మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ చేయమంటున్నారు. అంటే తిట్టకుండా, వాదించకుండా, మారాలన్న మాట అతని నోటి నుంచే వచ్చేలా మాట్లాడటం. రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ "రేపటి సంది బంద్" అన్నాడు. మరాఠీ ఫారంలో "మార్పుకు సిద్ధం" దగ్గర టిక్ పెట్టాను. ఆ సాయంత్రమే వంతెన మీద కనిపించాడు. నేను ఆమె మాట వినాలా, పద్ధతి పట్టుకోవాలా?

నైట్ డ్యూటీ:
మాత్ర సంగతి ముందు తేల్చేద్దాం. అది డైసల్ఫిరామ్ అయి ఉంటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడ వచ్చి, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాడైతే ప్రాణం మీదికొస్తుంది. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉండొచ్చు. మనిషికి తెలియకుండా ఇవ్వనే కూడదు. తెచ్చివ్వకండి.

అత్తగారి ఊరు:
మా మేనమామకు అలాగే కలిపారు. మానేశాడు. పుస్తకాల్లో ఏముందో నాకు తెలియదు, ఇల్లు నిలబడింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు తాగేవాళ్ళ అనుమతి అడిగారా? మీ సోషల్ వర్కర్లు కూర్చుని మాట్లాడుతూ ఉండండి, ఆవిడ దెబ్బలు తింటూ ఉంటుంది.

పర్లాకిమిడి:
దూబగుంట వాళ్ళు దుకాణానికి తాళం వేయించారండి, మొగుడి కంచంలో ఏమీ కలపలేదు. రెండూ ఒకటి కాదు. మీ మేనమామది అదృష్టం.

కానీ దెబ్బల విషయంలో మీరన్నది నిజం. కొడుతున్నాడంటే ఆ రోజు అతన్ని మాట్లాడించడం కాదు మన పని. ఆమె రాత్రి ఎక్కడ పడుకుంటుంది, పిల్లలు ఎక్కడ, 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి దగ్గరికి తోడెవరు వెళ్తారు, అది ముందు. ప్రాణహిత గారూ, భర్తనొక్కడినే క్లయింటుగా రాసుకున్నట్టున్నారు. మీ గుమ్మం ఎక్కింది ఆవిడ.

ఇక ఆ టిక్. "రేపటి నుంచి బంద్" అంటే మన భాషలో "ఇక లేవండి" అని. అమెరికా సైకాలజిస్టు విలియం మిల్లర్ 1983లో ఈ పద్ధతి గురించి మొదట రాసింది తాగుడు సమస్య ఉన్నవాళ్ళ గురించే, కానీ మొహమాటానికి ఒప్పుకునే మన ఊళ్ళు ఆయన చూడలేదు. ఒడిశా గజపతి జిల్లాలో నాకొక తాపీమేస్త్రి ఉండేవాడు. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ తలూపాడు. నాలుగోసారి పనిచోటికే వెళ్ళాను. సిమెంటు తీసి ఇటుక మీద వేయబోతే తాపీ అంచు టకటకా కొట్టుకుంది. "పొద్దున్నపూట చేయి ఆగట్లేదండి, గోడ వంకరొస్తోంది" అన్నాడు. నేను రాసుకున్నది ఆ మాటే. ఆ తర్వాత నెలంతా మా మాటలు చేయి గురించే, మందు ఊసెత్తలేదు.

నైట్ డ్యూటీ:
పొద్దున్నే చేయి వణికిందంటే ఒంటికి మద్యం అందక వణికి ఉండొచ్చు. అలాంటివాడు ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పొచ్చు. డాక్టర్ చూడకుండా మానమని చెప్పకండి.

అత్తగారి ఊరు:
మానకపోతే ఒక గొడవ, మానితే ఇంకో గొడవ! సరే, మాత్ర మాట వెనక్కి తీసుకుంటున్నా. నెలరోజులు చేయి గురించి మాట్లాడటం మాత్రం నాకు మింగుడుపడదు.

ప్రాణహిత ఒడ్డు:
నిన్న వెళ్ళాను. ముందు ఆమెతో, విడిగా. చేయి చేసుకోలేదంది, రెండోసారి అడిగినా అదే మాట. ఆమెకు కావలసింది శనివారం కూలి డబ్బు చేతికి రావడం. మేస్త్రితో తనే మాట్లాడతానంది, నన్ను పక్కన ఉండమంది. మాత్ర ఎందుకు వద్దో చెప్పాను, నమ్మినట్టు లేదు.

తర్వాత అతన్ని పొద్దున పూట చేయి ఎలా ఉంటుందని అడిగాను. జవాబు లేదు. జిల్లా ఆసుపత్రి మాకు దాదాపు 200 కిలోమీటర్లు, అక్కడిదాకా పోవాల్సి రావచ్చని చెప్పాను. నేను లేచి చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి అడిగాడు: "ఆ డాక్టర్‌కు తెలుగు వస్తదా?"

ఫారంలో దీనికి గడి లేదు. పక్కన తెలుగులో రాసి పెట్టాను.