క్షమాపణ పొందినవాడు, తీసుకున్నది తిరిగి ఇవ్వాలా?

ప్రశ్న – దేవరకొండ సోదరుడు

అందరికీ వందనాలు. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. నాకు 47 ఏళ్లు. 2021లో బాప్తిస్మం తీసుకున్నాను. మా చిన్నాయన బతుకుదెరువుకు భివండి మరమగ్గాల పనికి పోతూ, తన ఎకరం పది గుంటల చెలకను నా చేతిలో పెట్టిపోయాడు. మొదట్లో ఏటా ఇన్ని కందులో, ఇంత పైకమో పంపేవాణ్ణి. పోనుపోను అదీ మానేశాను. 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగినప్పుడు, చిన్నాయన ఆ భూమిని నాకు నోటిమాటగా అమ్మాడని నలుగురి ముందు అబద్ధమాడి, ఇద్దరి చేత సాక్ష్యం చెప్పించి, పట్టా నా పేరు మీద చేయించుకున్నాను. మరుసటి ఏడు రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు నాలుగు వేల చొప్పున, తర్వాత ఐదు వేల చొప్పున, ఆయన భూమి మీది పైసలు నా ఖాతాలో పడ్డాయి. చిన్నాయన 2020లో అక్కడే చనిపోయాడు. చిన్నమ్మ తిరిగివచ్చి ఊళ్లోనే రేకుల ఇంట్లో ఉంటున్నది. దారిలో ఎదురుపడితే "బాగున్నవా బిడ్డా" అంటుంది. అంతకుమించి ఒక్క మాట అనదు.

బాప్తిస్మానికి ముందు ఈ సంగతి సంఘ కాపరితో చెప్పుకున్నాను. యేసు రక్తం ప్రతి పాపాన్నీ కడిగేస్తుందనీ, కడిగినదాన్ని మళ్లీ తవ్వితే అది అవిశ్వాసమనీ ఆయన అన్నారు. నమ్మాను. అయినా ప్రభు సంస్కారం నాడు ద్రాక్షరసపు గిన్నె నా దాకా వచ్చేసరికి చేయి వణుకుతుంది. రెండుసార్లు తాగకుండానే పక్కవానికి అందించాను. సిలువ మీది బలి సంపూర్ణమైతే ఈ నేరభావన ఎందుకు వదలడం లేదు? భూమి తిరిగి ఇస్తే, ఆ బలి చాలలేదని నేనే ఒప్పుకున్నట్టు అవుతుందా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

జవాబు – పాలమూరు విశ్రాంత కాపరి

సహోదరుడా, మీకు చెప్పిన అయ్యగారి మాటలో సగం నిజం ఉన్నది. మిగతా సగం లేవీయకాండం ఆరో అధ్యాయం మొదటి ఏడు వచనాల్లో ఉన్నది. మన సంఘాల్లో ఆ పేజీల దాకా ఎవరూ పోరు. కొలతలూ కొవ్వూ మూత్రగ్రంథులూ అనుకుని దాటేస్తారు. అక్కడ చెప్పిన నేరం అచ్చంగా మీదే: పొరుగువాడు తన దగ్గర ఉంచినదాన్ని గురించి బొంకి, దాని మీద అబద్ధ ప్రమాణం చేసినవాడు. ఆ పాపం యెహోవాకు విరోధంగా చేసిందని మొదటి మాటలోనే ఉన్నది. సొత్తు మాత్రం పొరుగువానిది. అందుకే ధర్మశాస్త్రం ఆ మనిషి చేత రెండు పనులు చేయిస్తుంది. తీసుకున్నది మొత్తంగా, దాని మీద ఐదో వంతు కలిపి, ఎవరిదో వారికే ఇవ్వాలి. ఆపైన అపరాధ పరిహారార్థ బలిగా నిర్దోషమైన పొట్టేలును యాజకుని దగ్గరికి తేవాలి. వరుస చూడండి. ముందు పొరుగువాని వాకిలి, తర్వాత బలిపీఠం. పొట్టేలును తెచ్చినంత మాత్రాన పొరుగువాని పొలం నీదైపోదు. పొలం ఇచ్చేసినంత మాత్రాన పొట్టేలు అక్కరలేకుండానూ పోదు.

భూమి ఇచ్చి దేవుని దగ్గర క్షమాపణ కొనుక్కుంటున్నానా అన్న భయం మీకు వద్దు. ఎడ్ల రక్తం, మేకల రక్తం పాపాలను తీసివేయడం అసాధ్యమని హెబ్రీ పత్రిక పదో అధ్యాయం చెబుతుంది. జంతువు రక్తమే చేయలేనిదాన్ని పట్టా పాసుపుస్తకం ఎలా చేస్తుంది? దేవుని దగ్గర మన తరఫున యేసు నిలబడ్డాడు. హెబ్రీ పత్రిక ఏడో అధ్యాయంలో మన తెలుగు బైబిలు ఆయనకు వాడిన మాట "పూటకాపు". మన దిక్కు మాటలో జామీను ఉన్నవాడు. జామీను ఉన్నవాడు బాకీ కడితే షావుకారు కాగితం చింపేస్తాడు. కానీ మీరు పక్కింటి నుంచి తెచ్చుకున్న నాగలి అప్పటికీ మీ కొట్టంలోనే ఉంటుంది కదా! దాన్ని తిరిగి ఇవ్వడం బాకీ కట్టడం కాదు, ఎవరి నాగలి వారికి చేరడం.

ఒక ముచ్చట. నా చిన్నతనంలో మా ఊళ్లో కులపెద్దల ముందు ఒకడి చేత తప్పు కట్టిస్తే, ఆ పైకంలో ఎక్కువ భాగం ఆ సాయంత్రమే కల్లు మండువలో కరిగిపోయేది. నష్టపోయినవాడు ఉత్త చేతులతో ఇంటికి పోయేవాడు. తప్పు చేసినవాడేమో "కట్టిన కదా" అని మీసం దువ్వేవాడు. మోషే ధర్మశాస్త్రం ఆ దారి మూసేసింది. ఎవరికి అన్యాయం జరిగిందో వారి చేతికే ఇవ్వాలి. వారు లేకపోతే దగ్గరి బంధువుకు ఇవ్వాలి. ఆ బంధువు కూడా లేనప్పుడే అది యాజకునికి చేరాలని సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలో ఉన్నది. మీ చిన్నాయన లేడు, చిన్నమ్మ ఉన్నది. కనుక ఆ పైకం కానుక పెట్టెలో వేసి చేతులు దులుపుకునే వీలు మీకు లేదు.

లూకా సువార్తలోని సుంకరి జక్కయ్యను చూడండి. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానని యేసు ముందు అన్నాడు. తనంతట ఒప్పుకున్నవాడు ఐదో వంతు కలిపి ఇస్తే సరిపోయేది. దొంగిలించిన గొర్రెకు నాలుగు గొర్రెలు ఇవ్వాలన్నది నిర్గమకాండం 22వ అధ్యాయంలో దొంగకు పెట్టిన లెక్క. ఎవరూ పట్టుకోకుండానే ఆయన ఆ లెక్కను తన మీద తానే వేసుకున్నాడు. అది విన్న యేసు, నేను చేయబోయే బలి ఉండగా ఇదెందుకని ఆపలేదు. నేడు ఈ యింటికి రక్షణ వచ్చిందన్నాడు.

జవాబు – నల్లగొండ కతోలిక విశ్వాసి

మా మేత్రాసనం, అంటే బిషప్పు గారి ఏలుబడిలోని ప్రాంతం, 1976లో ఏర్పడింది. మా అమ్మమ్మ అంతకు ముందు నుంచే మా విచారణ గుడిలో పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్లేది. మా సంఘ బోధల గ్రంథమైన సత్యోపదేశంలో ఇది తేటగానే ఉన్నది: పాపవిమోచనం పాపాన్ని తీసివేస్తుంది, కానీ ఆ పాపం చేసిన నష్టాన్ని పూడ్చదు; దొంగిలించినదాన్ని తిరిగి ఇవ్వడం వంటివి, చేతనైనంత వరకు, చేసినవాడే చేయాలి. అన్నా, మీ చేయి వణకడాన్ని నేను అవిశ్వాసం అనుకోవడం లేదు. మత్తయి ఐదో అధ్యాయంలో బలిపీఠం దగ్గర అర్పణ పట్టుకుని నిలబడినవానికి, సహోదరునికి తన మీద ఏదో విరోధం ఉన్నదని అక్కడే గుర్తుకు వస్తుంది. మీకు గిన్నె దగ్గర గుర్తుకు వస్తున్నది. అంతే తేడా.

జవాబు – సూర్యాపేట యువకుడు

పెద్దలు చెప్పినదాన్ని కాదనను, కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. యేసును పట్టించిన యూదా ఇస్కరియోతు కూడా అందుకు తీసుకున్న ముప్పై వెండి నాణేలు తిరిగి ఇచ్చాడు, నిరపరాధి రక్తాన్ని అప్పగించానని నోటితో ఒప్పుకున్నాడు. "దానితో మాకేమి?" అన్నారు యాజకులు. ఆ మాట విని వెళ్లి ఉరిపెట్టుకున్నాడు. యేసును ఎరగనని బొంకిన పేతురు ఏమీ తిరిగి ఇవ్వలేదు. వెక్కివెక్కి ఏడ్చి, మిగతా శిష్యుల మధ్యే ఉండిపోయాడు. కనుక అన్నా, ఇవ్వండి. ఇచ్చిన రాత్రి కూడా గుండె తేలిక కాకపోతే, ఇంకో ఎకరం ఇస్తే పోతుందేమోనని లెక్కలు వేసుకోకండి.

జవాబు – మర్రిగూడ వాస్తవ్యుడు

ఈ చర్చలో ఒక సంగతి వేరు చేయాలనిపించి రాస్తున్నాను. అన్ని నేరభావనల వెనుకా పాపం ఉండదు. మా మండలంలో ఫ్లోరైడు గురించి అందరికీ తెలుసు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమంటారు. మా బోరు నీళ్లు ఆ హద్దును ఎప్పుడో దాటాయి. మా తమ్ముడికి ఐదో ఏటికే మోకాళ్లు దొడ్డిగా వంగిపోయాయి. ఆ నీళ్లు తోడి, కాచి, వడపోసి తాగించింది మా అమ్మే. కాచితే ఫ్లోరైడు పోదని, నీళ్లు మరిగినకొద్దీ అది ఇంకా చిక్కబడుతుందని ఆమెకు ఎవరు చెప్పారు? వాడు గోడ పట్టుకుని నడుస్తుంటే ఆమె కొంగు నోట్లో కుక్కుకునేది. ప్రతి ఉపవాస ప్రార్థనలోనూ "నా పాపమే" అని లేచి సాక్ష్యం చెప్పేది; సంఘమంతా "ఆమేన్" అనేది. ఆ ఆమేన్ ఇప్పటికీ నా చెవుల్లో ముల్లులా ఉన్నది.

ఒకసారి ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే ఒక ముసలి బైబిలు స్త్రీ మా ఇంటికి వచ్చి, యోహాను తొమ్మిదో అధ్యాయం తీసి, పుట్టుగుడ్డివాని గురించి వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదని యేసు చెప్పిన మాటను మూడుసార్లు చదివి, ప్రార్థన కూడా చేయకుండా లేచి వెళ్లిపోయింది. అమ్మ ఆ సాక్ష్యం మానేసింది. ఏడుపు మాత్రం మానలేదు. ఆమె ఎవరికి ఏమి తిరిగి ఇవ్వగలదు? ఆమెకు బలి కావలసింది పాపానికి కాదు, దుఃఖానికి. మన రోగాలను భరించి, మన వ్యసనాలను, అంటే దుఃఖాలను, వహించాడని యెషయా 53లో ఉన్నది గదా. మా అమ్మకు ఆ వచనం సరిపోయింది. దేవరకొండ అన్నా, మీ నేరభావనకు చిరునామా ఉన్నది, రేకుల ఇల్లు ఉన్నది. మా అమ్మ భారానికి అది కూడా లేదు.

ప్రశ్న అడిగిన సోదరుడు, పన్నెండు రోజుల తర్వాత

అందరికీ వందనాలు. కాపరి గారి జవాబు చదివి లెక్క వేశాను. ఎకరం పది గుంటలంటే 50 గుంటలు. దానికి ఐదో వంతు 10. వెరసి ఎకరం 20 గుంటలు అవుతుంది. ఆ పది గుంటలు నా సొంత చెలకలోంచి కోసి ఇవ్వాలి. ఇంట్లో మూడు రోజులు గొడవ జరిగింది. నా భార్య ఒప్పుకున్నదని చెప్పను, మాట్లాడడం మానింది. రైతుబంధు పైసలు ఒక్కసారి ఇవ్వలేను కనుక పంటపంటకు ఇస్తానని కాగితం రాశాను.

మొన్న ఆదివారం ఆరాధన అయినాక చిన్నమ్మ దగ్గరికి పోయాను. వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్నది. 2017లో ఏం చేశానో మొదటి నుంచి చెప్పాను. ఆమె గింజలు తీయడం ఆపలేదు. క్షమించానని అనలేదు, తిట్టనూ లేదు. రిజిస్ట్రేషన్‌కు ఏ రోజు రావాలో అడిగింది, ఆధార్ కార్డు బిడ్డ దగ్గర ఉన్నదన్నది. నేను లేవబోతుంటే, "గట్టు మీద మీ చిన్నాయన పెట్టిన చింతచెట్టు కాపు బాగుందా?" అన్నది.

ఆ చెట్టును 2019లో కొట్టించి కలప అమ్ముకున్నాను. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. తల ఊపి వచ్చేశాను. రిజిస్ట్రేషన్ బుధవారం ఉన్నది, అంతకు ముందే వెళ్లి చెబుతాను. కాపరి గారూ, చెట్టుకు వెల ఎలా కట్టాలి? అమ్మిన నాటి ధరకు ఐదో వంతు వేయాలా, లేక అప్పటి నుంచి కాసి ఉండే కాయలు కూడా లెక్కలోకి వస్తాయా?