రిఫ్లక్స్ ఉన్న పాపకి రోజూ యాంటీబయాటిక్: కొనసాగించాలా, ఆపాలా, ఇంజెక్షనా?

మూడేళ్ళ పాప అమ్మ:
మా పాపకి కిందటేడు రెండుసార్లు విడవని జ్వరం వచ్చింది. రెండోసారి యూరిన్ కల్చర్‌లో ఈ.కోలై అనే క్రిమి కనబడ్డాక ఎంసీయూ పరీక్ష చేశారు. క్యాథెటర్ అనే సన్నటి గొట్టంతో బ్లాడర్‌లోకి మందు నింపి తీసే ఎక్స్‌రే అది. ఎడమ వైపు గ్రేడ్ 3 రిఫ్లక్స్ అన్నారు (తీవ్రతని 1 నుంచి 5 దాకా లెక్కిస్తారట). మూత్రం బ్లాడర్ నుంచి వెనక్కి, కిడ్నీ దాకా ఎగదన్నుతోందట. కిడ్నీ మీద మచ్చలున్నాయేమో చూసే డీఎంఎస్ఏ స్కాన్ మాత్రం బాగానే వచ్చింది. ఎనిమిది నెలలుగా రోజూ పడుకునే ముందు చిన్న మోతాదులో యాంటీబయాటిక్ సిరప్ పోస్తున్నాను. ఇంతవరకూ మళ్ళీ ఇన్ఫెక్షన్ లేదు.

ఇప్పుడు డాక్టరుగారు మూడు దారులు చెప్పారు: మందు కొనసాగించడం, ఆపి గమనించడం, మూత్రనాళం బ్లాడర్‌లో కలిసేచోట జెల్ ఇంజెక్షన్ చేయించడం. ఆలోచించుకుని రమ్మన్నారు. మావారు మందు ఆపేద్దామంటున్నారు. నాకు ధైర్యం చాలడం లేదు. అర్ధరాత్రి లేచి నుదురు తడిమి చూస్తున్నాను. మీరైతే ఏం చేసేవారు?

బాబు నాన్న:
నేను మీవారి పక్షమండీ. మావాడికి గ్రేడ్ 2. పదహారు నెలలు ఇచ్చి ఆపేశాం, బాగున్నాడు. అమెరికాలో 607 మంది పిల్లల మీద చేసిన రివర్ అనే పరిశోధన 2014లో వచ్చింది. సగం మందికి మందు, సగం మందికి మందు లేని ఉత్తి సిరప్ రెండేళ్ళు ఇచ్చారు. చివరికి కిడ్నీ మచ్చలు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం. పైగా మందు వాడుతున్న పిల్లలకి మళ్ళీ ఈ.కోలై ఇన్ఫెక్షన్ వస్తే, వాళ్ళలో 63 శాతం మందికి ఆ మందుకి లొంగని క్రిమే వచ్చింది. ఉత్తి సిరప్ తాగినవాళ్ళలో అది 19 శాతం. మచ్చల్ని ఆపలేని మందు పసిపిల్లకి రోజూ ఎందుకు పోయాలి?

ఇద్దరు పిల్లల తల్లి:
సగం చెప్పి సగం వదిలేశారండీ. అదే పరిశోధనలో మందు వాడిన 302 మందిలో 39 మందికి మళ్ళీ ఇన్ఫెక్షన్ వస్తే, వాడని 305 మందిలో 72 మందికి వచ్చింది. మచ్చ పడకపోతే చాలా? ఒక్కో ఇన్ఫెక్షన్ అంటే ఒళ్ళు కాలిపోయే జ్వరం, నరం దొరక్క నాలుగు చోట్ల సూది గుచ్చడం, ఆ బిడ్డ ఏడుపు.

మా పెద్దదానికి గ్రేడ్ 4. మందు ఆపిన ఐదు వారాలకి జ్వరం వచ్చింది. ప్రయాణంలో ఉన్నాం, జలుబు జ్వరమే అనుకుని మూడు రోజులు పారాసెటమాల్‌తో నెట్టుకొచ్చాం. తర్వాత స్కాన్‌లో కుడి కిడ్నీ పైభాగంలో మచ్చ కనబడింది. ఆ ఫిల్మ్ బీరువాలోనే ఉంది, ఇప్పటికీ తీసి చూడలేను.

బాబు నాన్న:
మీ బాధ కాదనను. కానీ అక్కడ నష్టం చేసింది మందు ఆపడమా, మూడు రోజుల ఆలస్యమా? మందు ఆపినరోజే ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. కారణం తెలియని జ్వరం వస్తే ఆ రోజే యూరిన్ టెస్ట్, తెల్లారేదాకా ఆగేది లేదు. అది పాటించగలిగితే ఆపొచ్చనే నా మాట.

ఇద్దరు పిల్లల తల్లి:
రెండూ కలిసే చేశాయి. మీరు పాటించగలిగారు, మంచిదే. అమ్మానాన్నా ఇద్దరూ ఉద్యోగాలకి పోయి, బిడ్డ మరొకరి దగ్గర ఉండే ఇంట్లో ఆ నియమం ఎవరు చూస్తారు?

పిల్లల వార్డు నర్సు:
డాక్టర్ని కాదు, పన్నెండేళ్ళుగా పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. ఇంత వాదనలో ఒక్కరూ అడగని ప్రశ్న అడుగుతాను. పాప విరేచనానికి రోజూ వెళ్తుందా? ఆటలో పడి మూత్రం ఆపుకుంటుందా? కాళ్ళు మెలిపెట్టుకోవడం, మడమ మీద కూర్చుని బిగపట్టడం గమనించారా?

పేగు చివర మలం నిండిపోతే అది బ్లాడర్‌ని ఒత్తుతుంది, మూత్రం పూర్తిగా ఖాళీ కాదు. నిలవ ఉన్న మూత్రంలో క్రిములు పెరుగుతాయి. బిగపట్టే పిల్లల బ్లాడర్‌లో ఒత్తిడి కూడా ఎక్కువ, రిఫ్లక్స్‌కి అదే బలం. మీరిద్దరూ చెప్పుకుంటున్న పరిశోధనలోనే, ఈ అలవాట్లున్న పిల్లలకీ, మొదటి ఇన్ఫెక్షన్ జ్వరంతో వచ్చినవాళ్ళకీ మందు ఎక్కువ మేలు చేసింది. కాబట్టి గ్రేడ్ ఒక్కటే చూసి ఆపాలనో, కొనసాగించాలనో అనడం నాకు నచ్చదు. మలబద్ధకం ఉంటే ముందు దాని సంగతి చూడండి. రెండు మూడు గంటలకోసారి టాయిలెట్‌కి తీసుకెళ్ళండి. పాదాలు వేలాడకుండా కింద పీట వేసి, తొందరపెట్టకుండా కూర్చోబెట్టండి.

ఆపరేషన్ అయిన పాప నాన్న:
నర్సమ్మగారి మాటకి తోడు ఇంకొకటి. బాబు నాన్నగారూ, మీది మగపిల్లాడి అనుభవం, అదీ గ్రేడ్ 2. స్వీడన్‌లో గ్రేడ్ 3, 4 ఉన్న 203 మంది మీద చేసిన పరిశోధన 2010లో వచ్చింది. అందరూ ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లలే. ఆడపిల్లల్లో ఊరికే గమనించినవాళ్ళలో 57 శాతం మందికి జ్వరంతో ఇన్ఫెక్షన్ మళ్ళీ వచ్చింది. మందు వాడినవాళ్ళలో 19 శాతం, ఇంజెక్షన్ చేయించినవాళ్ళలో 23 శాతం. మగపిల్లలకి మళ్ళీ రావడం బాగా తక్కువ.

మా పాపకి మందు వాడుతుండగానే మూడుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది, అందుకే మూత్రనాళాన్ని కొత్తచోట అమర్చే ఆపరేషన్‌కి ఒప్పుకున్నాం. రిఫ్లక్స్‌ని ఆపడంలో వందలో 95కి పైగా విజయం ఉన్న ఆపరేషన్ అది. ఇంజెక్షన్ తేలిక, పెద్ద కోత ఉండదు, కానీ కొందరిలో రిఫ్లక్స్ తిరిగొస్తుంది. అయినా ఎనిమిది నెలలు ఇన్ఫెక్షన్ లేని పాపకి ఇంజెక్షన్ గురించి తొందరేమిటో నాకు అర్థం కాలేదు. మూత్రనాళం బ్లాడర్ గోడలో ఏటవాలుగా దూరి వెళ్ళే భాగం పొట్టిగా ఉండటమే చాలామందికి ఈ జబ్బు. బిడ్డ ఎదిగేకొద్దీ అదీ పొడవవుతుంది. ఆ అవకాశం పాపకి ఇవ్వండి.

బాబు నాన్న:
ఆడపిల్లల లెక్క నాకు తెలియదు. ఎప్పటికీ వాడుతూ పోకూడదన్న మాట మీదే ఉన్నాను, కానీ ఈ పాప విషయంలో ఇప్పుడే ఆపమని అనను.

మూడేళ్ళ పాప అమ్మ:
నర్సుగారూ, మీ ప్రశ్న చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. పాప మూడు రోజులకోసారి, ఏడుస్తూ వెళ్తుంది. ఇది వేరే సమస్య అనుకుని డాక్టరుగారికి చెప్పనే లేదు. తలుపు వెనక కాళ్ళు పెనవేసుకుని నిలబడితే సిగ్గేమో అనుకునేదాన్ని.

మావారికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. మలబద్ధకం తగ్గి, టాయిలెట్ అలవాటు కుదిరేదాకా మందు కొనసాగిస్తాం, ఆ తర్వాత ఆపడం గురించి మాట్లాడతాం అని డాక్టరుగారితో చెప్పాలనుకున్నాం. ఎంసీయూ మళ్ళీ వెంటనే చేయించాలా అని కూడా అడుగుతాం. క్యాథెటర్ పెట్టేటప్పుడు పాప ఏడ్చిన ఏడుపు నేనింకా మరిచిపోలేదు.

పిల్లల వార్డు నర్సు:
ఆ ప్రశ్న తప్పకుండా అడగండి. పరీక్ష ఫలితాన్ని బట్టి వైద్యం మారేదైతేనే మళ్ళీ చేయించడంలో అర్థముంది. ఇంకొకటి రాసి పెట్టుకోండి. మందు వాడుతున్నా సరే, జ్వరం వస్తే యూరిన్ పరీక్ష ఆ రోజే. చికిత్స మోతాదు మొదలుపెట్టే ముందే కల్చర్‌కి శాంపిల్ ఇవ్వండి. సంచి అతికించి పట్టిన యూరిన్‌లో చర్మం మీది క్రిములు కలిసి తప్పుడు ఫలితం రావచ్చు. మీ పాప వయసుకి గిన్నెలో నేరుగా పట్టొచ్చు.