సీడీ19 లైపోజోమ్‌లలో డాక్సోరుబిసిన్ సగం కూడా ఎక్కడం లేదు

ప్రశ్న: బి-సెల్ లింఫోమా (ఒక రక్త క్యాన్సర్) కణాలకు డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు చేర్చడానికి హెచ్‌ఎస్‌పీసీ (ఒక లిపిడ్, అంటే కొవ్వు), కొలెస్టరాల్, పెగ్ (పొడవాటి పాలిమర్ పోగు) ఉన్న లిపిడ్‌తో 100 నానోమీటర్ల లైపోజోమ్‌లు, అంటే కొవ్వు పొర బుడగలు, చేశాం. లోపల 250 మిల్లీమోలార్ అమ్మోనియం సల్ఫేట్. లోడింగ్ (మందు లోపలికి ఎక్కడం) 40 శాతం దగ్గరే ఆగుతోంది. ఆ కణాల మీదుండే సీడీ19 ప్రొటీన్‌ను పట్టే యాంటీబాడీ తగిలించాక కణాలకు అంటుకోవడమూ అంతంతమాత్రమే. లోపం ఎక్కడ?

జవాబు 1: ముందు బయటి సల్ఫేట్ సంగతి చూడండి. అది మిగిలితే గ్రేడియంట్ (లోపలికీ బయటికీ ఉన్న గాఢత తేడా) పడిపోతుంది, మందును లోపలికి లాగేది అదే కదా. సెఫాడెక్స్ కాలమ్ (చిన్న అణువులను వేరుచేసే జెల్ గొట్టం) దాటించి, సుక్రోజ్-హెపెస్ బఫర్‌లోకి మార్చి, అదే రోజు లోడ్ చేయండి. వేడి 60–65 డిగ్రీలు ఉండాలి. ఈ లిపిడ్ పొర 50 దాటితేగానీ మెత్తబడదు.

జవాబు 2: అంటుకోకపోవడానికి యాంటీబాడీని పెగ్‌కు అతికించే మాలిమైడే కారణం కావచ్చు. పీహెచ్ 7.5 దాటితే త్వరగా పాడవుతుంది, పైగా లైసిన్ అనే అమైనో ఆమ్లాలనూ పట్టుకుంటుంది. 6.5–7 మధ్య ఉంచండి. యాంటీబాడీలో డీటీటీ (సల్ఫర్ బంధాలను తెంచే రసాయనం) మిగిలితే మాలిమైడ్‌ను అదే తినేస్తుంది. ఇంకో మాట: మాలిమైడ్ పెగ్ కొసన ఉండాలి. పెగ్ మొదలు దగ్గర, లైపోజోమ్ పొరకు ఆనుకుని ఉంటే, పెగ్ పోగుల కింద దాక్కుంటుంది.

జవాబు 3: పూర్తి యాంటీబాడీ కన్నా ఫ్యాబ్ ముక్క (లక్ష్యాన్ని పట్టే భాగం) నయం. ఎఫ్‌సీ భాగం (యాంటీబాడీ తోక) ఉంటే మాక్రోఫేజ్‌లు (ఒంట్లోని రక్షణ కణాలు) దాన్ని పట్టి లైపోజోమ్‌ను మింగేస్తాయి. పరీక్షకు సీడీ19 ఉన్న రాజీ (ఒక బి-సెల్ లింఫోమా రకం) కణాల పక్కన సీడీ19 లేని జుర్కాట్ (టి-సెల్ రకం) కణాలు పెట్టండి. 4 డిగ్రీల్లో అంటుకోవడం మాత్రమే కనిపిస్తుంది, 37లో లోపలికి పోవడం కూడా.