పాప పుట్టింది, అఖీఖా గురించి కొంచెం చెప్పండి

కొత్తనాన్న:
అస్సలాము అలైకుం. అల్లా దయవల్ల సోమవారం పొద్దున మాకు పాప పుట్టింది. మాది నరసరావుపేట పక్కన పల్లె, నూర్‌బాషాలం. ఆసుపత్రిలోనే మా నాన్న చెవిలో అజాన్ ఇచ్చేశారు. ఇప్పుడు గొడవంతా అఖీఖా దగ్గరే, అదే, బిడ్డ పుట్టిన 7వ రోజు మేకనో గొర్రెనో కోసి, బిడ్డకి తల గీయించే ఆచారం. ఆడపిల్లకి ఎందుకురా అంటది అమ్మ, అత్తగారి వైపు వాళ్ళేమో రెండు పొట్టేళ్ళు కోసి ఫంక్షన్ హాల్లో బిర్యానీ పెట్టాల్సిందే అంటున్నారు, నాకైతే అప్పు తప్ప దారి లేదు. 7వ రోజు ఎట్లా లెక్కెయ్యాలి, చిల్లా (నలభై రోజులు) అయ్యాక చేస్తే చెల్లదా? పాపకి తేనె నాకించమని కూడా అంటున్నారు.

కర్నూలు భాయ్:
వ అలైకుం సలాం, ముబారక్ భాయ్. పాపకి ఒక్కటి చాలు, రెండు చెప్పింది మగపిల్లాడికి. ఏడాది నిండిన మేక గానీ గొర్రె గానీ, బక్రీద్‌కి చూసినట్టే చూసుకో. పుట్టిన రోజుని కలిపే లెక్కేస్తారు చాలామంది, అంటే నీకు ఆదివారం. అప్పుడు కుదరకపోతే 14, 21, అదీ కాకపోతే చేతిలో డబ్బులున్నప్పుడు. మన హనఫీ పద్ధతిలో ఇది ముస్తహబ్ (చేస్తే మంచిది), ఫర్జ్ (తప్పనిసరి) కాదు, దీనికోసం అప్పు చెయ్యకు భాయ్ దయచేసి. ఫంక్షన్ హాలు, ఛట్టీ (ఆరో రోజు వేడుక) ఇవన్నీ మనం పెట్టుకున్నవే.

నర్సు ఆపా:
తమ్ముడూ, తేనె మాత్రం వద్దు, ఏడాది నిండేదాకా చుక్క కూడా పెట్టకూడదు, అందులో బాటులిజం క్రిములు ఉండొచ్చు, పసిపిల్లల పేగులు తట్టుకోలేవు, ప్రాణం మీదికొస్తది. అసలు తహ్నీక్‌కి, అంటే పుట్టిన బిడ్డ అంగిలికి తీపి రాయడానికి, హదీసుల్లో వచ్చింది ఖర్జూరం. ప్రవక్త సహచరుడు అబూ మూసా గారి బాబుకి ప్రవక్త (స) ఇబ్రాహీం అని పేరు పెట్టి ఖర్జూరంతోనే తహ్నీక్ చేశారు, బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. చెయ్యాలనుంటే డాక్టర్ని అడిగి, చేతులు సబ్బుతో కడుక్కుని, మెత్తగా చేసిన ఖర్జూరం వేలి కొసకి అంటీ అంటనట్టు అద్ది అంగిలికి రాయండి, ముక్క పోకూడదు.

కడప నుంచి:
ఆడపిల్లకి ఎందుకు అన్న మాట చదివి మనసు చివుక్కుమంది. ప్రవక్త గారి కూతురు ఫాతిమా (ర) గారు కొడుకులు హసన్, హుస్సేన్‌లకే కాదు, కూతుళ్ళు జైనబ్, ఉమ్మె కుల్సూమ్‌ల తలవెంట్రుకలు కూడా తూచి అంత బరువు వెండి దానం చేశారని మువత్తా హదీసు గ్రంథంలో ఉంది, అమ్మకి ఇది చెప్పండి. పసిపిల్లల జుట్టు ఎంత తూగుద్దని, పెద్ద ఖర్చు కాదు, కంసాలి దగ్గర తూయించి ఆ డబ్బు పేదోళ్ళకి ఇచ్చెయ్యండి. ఇంకోటి, అఖీఖా మాంసం అమ్మానాన్న, నానమ్మ తాతయ్య తినకూడదని మావైపు గట్టిగా నమ్ముతారు, అట్లాంటిదేం లేదు, అందరూ తినొచ్చు. పచ్చిగా పంచినా వండి పెట్టినా సరే. తోలు మాత్రం కోసినోడికి కూలి కింద ఇవ్వకూడదు.

కొత్తనాన్న:
జజాకల్లా అందరికీ. జైనబ్, ఉమ్మె కుల్సూమ్ మాట అమ్మకి చదివి వినిపించా, సరే చెయ్యమంది. ఆదివారం ఒక్క మేక, ఇంటి దగ్గరే. మామగారితో నేనే మాట్లాడతా. తల గీసేటప్పుడు మాడు మెత్తగా ఉంటది కదా ఆపా, మంగలితో గీయించొచ్చా, లేక మిషన్ మంచిదా?

నర్సు ఆపా:
మిషనే మేలు తమ్ముడూ, మాడు మీద నొక్కకుండా. కత్తే అయితే కొత్త బ్లేడు వేయించు, పాప కడుపు నిండి నిద్రలో ఉన్నప్పుడు చేయించు.