‘ఆల్ రైట్ నౌ’ చరణంలో బేస్ ఎక్కడికి పోయింది?

కొత్త బేసిస్టు:
కాలేజీ బ్యాండ్‌లో బేస్ (లోతైన, కింది స్వరాలు పలికే గిటార్) వాయిస్తున్నాను, నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాదే. వచ్చే నెల ఫెస్ట్‌కి ‘ఫ్రీ’ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ వాళ్ళ ‘ఆల్ రైట్ నౌ’ చేద్దామని మా గిటారిస్టు పట్టుబట్టాడు. రెండు రోజులుగా అదే వింటున్నా. చరణం వచ్చేసరికి నాకు బేస్ వినబడటం లేదు, ఇయర్‌ఫోన్స్ మార్చి విన్నా అంతే. నిజంగానే లేదా? ఇంకోటి, 1970లో ఈ పాట పెద్ద హిట్ అంటారు కదా, మరి ఆ బ్యాండ్ పేరు ఇప్పుడు మా వయసు వాళ్ళలో ఎవరికీ తెలియదేం? పాట వెనక కథ తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

నాలుగు తీగలు:
నీ ఇయర్‌ఫోన్స్ బాగానే ఉన్నాయి తమ్ముడూ, చరణంలో బేస్ లేదు. పాల్ కోసాఫ్ గిటార్ రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న ముక్క), సైమన్ కిర్క్ డ్రమ్స్, వాటి మీద పాల్ రాడ్జర్స్ గొంతు, అంతే. ఆ రిఫ్ కూడా చూడు, ఎ కార్డు కొట్టి ఆగుతాడు, డి వైపు వెళ్ళి మళ్ళీ ఎ మీదకు వచ్చి ఆగుతాడు, ఆ ఖాళీలోనే గొంతు నడుస్తుంది. పల్లవి అందుకోగానే ఆండీ ఫ్రేజర్ బేస్‌తో దిగుతాడు, అప్పటిదాకా లేని నేల ఒక్కసారి కాళ్ళ కిందకు వచ్చినట్టు ఉంటుంది. నాకు ఈ పాటలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. ఈ పాటను రాడ్జర్స్‌తో కలిసి రాసింది ఆ ఫ్రేజరే, అప్పటికి అతని వయసు 17! తను రాసిన పాటలో తన వాయిద్యాన్నే చరణమంతా పక్కన పెట్టాలంటే ఆ వయసులో ఎంత నిబ్బరం ఉండాలో ఆలోచించు. 15 ఏళ్ళకే జాన్ మాయల్ నడిపిన పేరున్న బ్లూస్ బ్యాండ్ బ్లూస్‌బ్రేకర్స్‌లో వాయించి వచ్చినవాడు మరి.

పాత రికార్డులు:
కథ నేను చెప్తాను. ఫ్రీ 1968లో లండన్‌లో మొదలైంది, ఆ పేరు పెట్టింది బ్లూస్ గురువు అలెక్సిస్ కార్నర్. మొదటి రెండు ఆల్బమ్‌లూ పెద్దగా అమ్ముడుపోలేదు, ఊరూరూ తిరిగి వాయిస్తూ బతికారు. వాళ్ళ పాటలు చాలావరకు నిదానంగా, బరువుగా సాగే బ్లూస్. ఒకరోజు ఇంగ్లండ్‌లోని డర్హమ్‌లో ప్రోగ్రామ్ చప్పగా పోయింది, కిర్క్ డ్రమ్స్ దగ్గర్నుంచి లేచి వచ్చేలోపే చప్పట్లు ఆగిపోయాయట. జనం లేచి ఆడే పాట ఒకటి చివర్లో ఉండాలని అక్కడే తేలిపోయింది. మేకప్ గదిలోనే ఫ్రేజర్ ‘ఆల్ రైట్ నౌ’ అని కూనిరాగం తీస్తూ పది నిమిషాల్లో దీన్ని కట్టేశాడని కిర్క్ తర్వాత చెప్పాడు.

1970 మేలో సింగిల్‌గా (విడిగా అమ్మే పాటగా) వచ్చింది. ‘ఫైర్ అండ్ వాటర్’ ఆల్బమ్‌లో ఐదున్నర నిమిషాలున్న పాటను రేడియో కోసం నాలుగుంపావుకి కుదించారు, కుదించాల్సిందేనన్నది ఐలండ్ రికార్డ్స్ అధిపతి క్రిస్ బ్లాక్‌వెల్. కోసాఫ్ సోలోకి (గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే భాగానికి) కత్తెర పడింది. బ్రిటన్ హిట్ పాటల పట్టికలో 2వ స్థానం (పైన కదలకుండా కూర్చున్నది మంగో జెర్రీ వాళ్ళ ‘ఇన్ ద సమ్మర్‌టైమ్’), అమెరికాలో 4. ఆగస్టులో ఐల్ ఆఫ్ వైట్ ఫెస్టివల్‌లో లక్షల మంది ముందు వాయించారు. నలుగురిలో పెద్దవాడికి అప్పుడు 21.

నాలుగు తీగలు:
కుదించకపోతే రేడియోలో అంతలా మోగేది కాదని ఒప్పుకుంటాను, కానీ ఆ సోలో నెమ్మదిగా ఒక్కో స్వరం పేర్చుకుంటూ పైకి వెళ్ళే తీరు వినకపోతే పాట సగమే విన్నట్టు. ఫెస్ట్‌లో ఆల్బమ్ వెర్షనే వాయించండి.

రాత్రి రేడియో:
రెండో ప్రశ్నకి జవాబు ఎవరూ చెప్పలేదు. హిట్ తర్వాత అందరూ ఇంకో ‘ఆల్ రైట్ నౌ’ కావాలన్నారు. వెంటనే వచ్చిన ‘ద స్టీలర్’ సింగిల్ ఆడలేదు, ‘హైవే’ ఆల్బమూ అంతంతమాత్రమే. చాలా మంచి ఆల్బమ్ అది, నాకైతే ‘ఫైర్ అండ్ వాటర్’ కన్నా దగ్గర. రాడ్జర్స్‌కీ ఫ్రేజర్‌కీ పడక 1971లో విడిపోయారు. మరుసటి ఏడాది మళ్ళీ కలిశారు గానీ నిలవలేదు, 1973లో ఆ కథ ముగిసింది. రాడ్జర్స్, కిర్క్ కలిసి బ్యాడ్ కంపెనీ పెట్టి అమెరికాలో పెద్ద పేరు తెచ్చుకున్నారు. కోసాఫ్ మాత్రం మత్తుమందుల్లో చిక్కుకుని 1976 మార్చిలో విమానంలోనే చనిపోయాడు, పాతికేళ్ళకి. అతని వైబ్రాటో (తీగను వణికిస్తూ స్వరం పలికించే తీరు) వింటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. అదే పాట 1991లో ఒక చూయింగ్ గమ్ ప్రకటనలో వచ్చి బ్రిటన్‌లో మళ్ళీ 8వ స్థానానికి వెళ్ళింది. అప్పటికి కోసాఫ్ పోయి 15 ఏళ్ళు.

బే ఏరియా:
ఇక్కడ కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ మార్చింగ్ బ్యాండ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్లో వాయించేది ఈ పాటే. గిటార్ రిఫ్‌ని బూరలతో ఊదుతారు, స్టేడియమంతా గెంతుతుంది. మన తెలుగు పిల్లలు కూడా చాలామంది దీన్ని ముందు స్టాన్‌ఫర్డ్ పాటగానే వింటారు.

కొత్త బేసిస్టు:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న ప్రాక్టీస్‌లో చరణమంతా చేతులు తీగల మీద ఆనించి ఊరుకున్నాను. మొదట టెన్షన్, అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. పల్లవికి దిగగానే మా డ్రమ్మర్ తలెత్తి నవ్వాడు, ఆ పాట నాలుగుసార్లు వాయించాం. ఇక సోలో వెనక ఫ్రేజర్ వాయించే లైన్ దగ్గర ఆగిపోతున్నాను, అది నేర్చుకునేటప్పుడు ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు, అన్నా?

నాలుగు తీగలు:
స్పీడు సగానికి తగ్గించి ముందు నోటితో పాడు. పాడగలిగాక బేస్ తీసుకో.